రి అనాల్సిన చోట రే

చాండ్లర్‌లో మనవాళ్ళు దేదీప్య గురించి చెప్పుకునే మాట ఒకటి ఉంది. మామగారిని సొంత నోటితో "రే" అనే ధైర్యం లేక, ఆ మాట అనే బొమ్మను చేసి, కూతురి చేతికిచ్చి అనిపించిందట. పెద్దాయన ఆ అవమానం తట్టుకోలేక టికెట్ ముందుకు జరుపుకుని తెనాలి వెళ్ళిపోయాడట. ఆ కోడలితో ఇక మాట లేదు, పలుకు లేదట.

ఇండియన్ స్టోర్‌లో బెండకాయల కొసలు తుంచి చూస్తూ ఈ మాట చెప్పుకుంటారు. గుడిలో ప్రసాదం లైనులో చెప్పుకుంటారు. ఒకామె అయితే ఆ బొమ్మ "రే, దా" అంటూ చెయ్యి కూడా ఊపుతుందని చెప్పింది. ఆ బొమ్మకు చేతులు లేవు. అది గొంగళిపురుగు.

దేదీప్య అక్క ఇంట్లో పాప నీహారికను నేను చూసుకునేదాన్ని. ఇంటర్ సగంలో వదిలేసి అమ్మానాన్నలతో ఈ దేశం వచ్చాను, మళ్ళీ చదువులో చేరలేదు. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి, వాళ్ళు కొట్లాడుకునేటప్పుడు నేను ఆ గదిలో ఉన్నానన్న సంగతే మరిచిపోయేవాళ్ళు.

దేదీప్యది జగిత్యాల. వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇక్కడికి వచ్చి ఎం.ఎస్. చేసి, చిప్పుల ఫ్యాక్టరీలో చేరింది. భర్త రవిశంకర్ ఇప్పటికీ అక్కడే పని చేస్తాడు. ఆమె మాత్రం ఆ ఉద్యోగం మానేసి పిల్లల బొమ్మలు చేసే ఒక చిన్న కంపెనీకి మారింది. ఆ మారడాన్ని ఊళ్ళో ఎవరూ క్షమించలేదు. ఆదివారాలు తన ఇంట్లో పిల్లలకు తెలుగు క్లాసు చెప్పే చంద్రిక ఆంటీ నలుగురిలో అడిగేసింది.

"ఏమ్మా, చిప్స్ వదిలేసి చిలకలు చేస్తున్నావట?"

"ఆవులు చేస్తున్న ఆంటీ. నొక్కితే అంబా అంటది."

"దానికి ఎం.ఎస్. ఎందుకో!"

"అంబా అనడానికి కాదు. ఆగమంటే ఆగడానికి. మనుషుల్లో అది కుదర్తలేదు."

ఆమె తీరు ఇలాగే ఉండేది. నలుగురూ ఇష్టపడే మనిషి కాదు. పుట్టినరోజు పార్టీలకు వెళితే పిల్లల మొహాలు కాదు, చేతులు చూసేది. ఎవరి పిల్లాడైనా బొమ్మ మీద పడి ఏడిస్తే, తల్లి పిల్లాణ్ణి ఎత్తుకునేలోపు ఈమె బొమ్మను ఎత్తుకుని ఎక్కడ విరిగిందో చూసేది. అందరూ గమనించారు. నేను చేసిన పప్పు బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఉప్పు తగ్గితే మాత్రం ఆ ముద్ద మింగకముందే చెప్పేది.

గొంగళిపురుగు ఆమె సొంత ఆలోచన. అంతకుముందు ఇంకొకళ్ళు గీసిన బొమ్మలకు లోపలి సర్క్యూట్లు చేసేది. ఇది మొదటి నుంచీ ఆమెదే. మెత్తటి రబ్బరు ఒళ్ళు, ఏడు కణుపులు. ఒక్కో కణుపు నొక్కితే ఒక్కో స్వరం పాడుతుంది. నాలుగైదు నొక్కి తోక పిండితే, పిల్ల నొక్కిన వరసనే తిరిగి పాడి వినిపిస్తుంది. తల దగ్గర ఒక చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే "స" పైకీ కిందికీ కదులుతుంది, మిగతా ఆరూ దాని వెంట నడుస్తాయి. పిల్ల గొంతు ఎక్కడ సుఖంగా పలుకుతుందో అక్కడికి పురుగును తెచ్చుకోవచ్చు.

ఆ చక్రం వద్దని కంపెనీలో చాలాసార్లు అన్నారు. తీసేస్తే తయారీ సులువవుతుంది. ఆమె వినలేదు. ఎందుకని ఒకసారి నేను అడిగితే, బ్యాటరీ మూత సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"మా బళ్ళె ప్రార్థన పాడేటప్పుడు టీచర్ నన్ను పక్కకు పిల్చి, నువ్వు పెదాలు ఆడిచ్చు చాలు, గొంతు రానియ్యకు అన్నది. నా స కిందుండె. ఆమెది పైనుండె. అంతే కథ."

ఎండాకాలం పోయాక, అక్టోబర్‌లో, పురుగును పిల్లల ముందు పెట్టి పరీక్షిస్తామని కంపెనీ చెప్పింది. పిల్లలు దాన్ని తొందరగా కింద పడేస్తే పురుగు ఆగిపోతుంది. పురుగు ఆగితే ఆమె పనీ ఆగుతుంది. అప్పుడు భర్త వీసా మీద ఇంట్లో కూర్చోవాలి. ఆమె భయపడగా నేను చూసింది ఆ ఒక్కదానికే.

పరీక్ష కోసం ఒళ్ళు హూనం చేసుకుంటున్న ఆ రోజుల్లోనే మామగారు సీతారామయ్య గారు వచ్చి ఉన్నారు. వాళ్ళిద్దరికీ పెళ్ళి నాటి నుంచే పడదు. కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆమె ఆయన దగ్గర నిలబడి, "మామా, నువ్వు తిన్నవా?" అని అడిగిందట. వాళ్ళ ఇంట్లో అది ప్రేమ. తెనాలిలో వడ్డిస్తున్న గరిటెలు ఆగిపోయాయి. "నన్ను నువ్వు అన్న ఆడమనిషి మా అమ్మ తర్వాత ఈ అమ్మాయే" అని ఆయన ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత ఆమె "మీరు" నేర్చుకుంది. కానీ ఆమె "మీరు" అంటే ఎవరో రాయి విసిరినట్టుండేది.

చాండ్లర్ ఎండల్లో ముసలివాళ్ళు పొద్దున్నే ఒక చుట్టు నడిచి వచ్చారంటే మళ్ళీ సాయంత్రం దాకా గడప దాటలేరు. ఆయన హాల్లో కుర్చీ వెనక్కి వాల్చి ఫోన్‌లో పేపరు చదువుకునేవారు. ఆమె డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, తీగలు, స్క్రూలు పరుచుకుని పని చేసేది. మధ్యలో ఒక సోఫా. ఆ సోఫా మీద నేనూ పాపా.

మొదటి నమూనా ఇంటికి వచ్చిన మధ్యాహ్నం నీహారిక దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండో కణుపు నొక్కింది.

"రే!" అంది పురుగు.

సీతారామయ్య గారు ఫోన్ దించారు. పాపకు ఏ కణుపు దొరికితే అది. ఈసారి ఆరోది నొక్కింది.

"దా!"

ఆయన అటూ ఇటూ చూశారు. పాప కిలకిలా నవ్వి రెండూ కలిపి నొక్కింది. "రే! దా! రే! దా!"

"ఎవర్నే రే అంటోంది అది?" అని లేచారు.

"తాతా, ఇట్స్ సింగింగ్!" అంది పాప.

"స్వరాలు మామయ్యా అవి" అంది దేదీప్య తల ఎత్తకుండానే.

"స్వరమా? రే ఎప్పుడు స్వరమైంది? మీ ఊళ్ళో మామగార్ని నువ్వు అంటారట, సరే, పడ్డాను. ఇప్పుడు మెషీను పెట్టి రే అనిపిస్తున్నావా? దా అంటే ఏమిటో నాకు తెలీదనుకోకు. మీ అమ్మ ఫోన్‌లో నిన్ను పిలిచేది అలాగేగా!"

"మిమ్మల్ని పిలవాలంటే మెషీన్ ఎందుకు? నాకు నోరు లేదా?"

"ఉంది. అదే కదా మా ఖర్మ. స రి గ మ అంటారమ్మా. రి! రి! నోరు తిరగదా?"

"హిందీ వాళ్ళు రే అనే అంటరు."

"అయితే పోయి హిందీ వాళ్ళ మామగార్ని పిలుచుకోమను!"

అప్పటి నుంచి నీహారికకు అదొక ఆట అయింది. తాతను అన్నానికి పిలవాలన్నా, చెప్పులు చూపించాలన్నా పురుగును ఎత్తుకెళ్ళి రెండో కణుపూ ఆరో కణుపూ నొక్కేది. అది తల్లి నేర్పిందేనని ఆయన గట్టిగా నమ్మారు. గుడిలో భోజనాల దగ్గర తన ఈడు వాళ్ళతో చెప్పుకున్నారు. ఆ వారమే చంద్రిక ఆంటీ గిన్నెడు పులిహోరతో వచ్చింది.

"ఏదమ్మా, ఆ తిట్టే బొమ్మ? ఒకసారి నొక్కి చూపించు."

"బయటికి రాకముందు ఎవరికీ చూపియ్యొద్దు ఆంటీ. కంపెనీ రూలు."

"దాచుకునేంత ఏముందో అందులో!"

"పులిహోర బాగుంది ఆంటీ" అంది దేదీప్య. ఇంకా గిన్నె మూత తియ్యలేదు.

ఆంటీ వెళ్ళిపోయింది. చూపించలేదు కాబట్టి నిజమేనని ఊరంతా తేలిపోయింది. నిజానికి ఆ బొమ్మను వాళ్ళలో ఒక్కరూ ముట్టుకోలేదు.

మర్నాడు దేదీప్య నన్ను గరాజులోకి పిలిచింది. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. పురుగు కడుపు విప్పి ఉంది.

"గిరిజా, మీ దిక్కు రి అంటరా, రే అంటరా?"

"రి అనే అక్కా."

"మా దిక్కూ రి నే. మరి నేనెందుకు రే రాసిన?"

ఆలోచించి తనే చెప్పింది. ఆమె పాట నేర్చుకోలేదు. టీవీల్లో, వాల్ పోస్టర్ల మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఆర్, ఈ అనే రాసి ఉంటుంది. కళ్ళకు అలవాటైంది చేతిలోకి వచ్చింది. పురుగులో స్వరాలు పాడిన పిల్ల ఉత్తరాది అమ్మాయి. కాగితం మీద ఉన్నట్టే పాడి వెళ్ళిపోయింది. తెలుగు పిల్లే తెలుగు స్వరాన్ని ఇంగ్లిష్‌లో రాసుకుని, హిందీలో పాడించుకుని, ఇంటికి తెచ్చి మామగారితో తిట్లు తిన్నది. ఆమె నవ్వలేదు. స్క్రూడ్రైవర్‌ను బల్లకేసి కొట్టింది.

మళ్ళీ పాడిస్తానని కంపెనీని అడిగింది. పరీక్ష దగ్గర పడింది, పాడిన అమ్మాయి ఊళ్ళో లేదు, రే అయినా నష్టం లేదు అన్నాడు మేనేజర్. అంతగా కావాలంటే ఎవరిదో గొంతు తాత్కాలికంగా పెట్టి రెండో నమూనా నువ్వే చేసుకురా, రెండూ పిల్లల ముందు పెడదాం, కానీ రెండింటిలో ఒకటైనా నెగ్గాలి అన్నాడు.

ఒక ఉదయం సీతారామయ్య గారు కాఫీ తాగుతుంటే ఆమె ఎదురుగా మైకు పెట్టింది.

"మీకు రి వచ్చు కదా. అనండి."

"నేనెందుకు అనాలి?"

"తప్పు పట్టినోళ్ళే దిద్దాలె."

"నాకు పాట రాదు."

"పాట అక్కర్లేదు. శృతి నేను కంప్యూటర్‌లో సరిచేసుకుంట. మీరు మాట సరిగ్గ పలకండి, చాలు."

ఆ మాట ఆయనకు మండింది. కాఫీ పక్కన పెట్టారు. ఆయన ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు గడిచిందట. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు ఆయనదే. మైకును ముందుకూ వెనక్కూ జరిపి చూశారు. "ఏసీ ఆపండి" అన్నారు. ఆపాం. "ఆ ఫ్రిజ్ గురక కూడా ఆపండి." ఆపాం. నీహారికను నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు మూశాను. ఇల్లు క్షణాల్లో కుంపటిలా అయింది.

"స!" అన్నారాయన. కిటికీ అద్దం అదిరినట్టయింది. "రి!"

"కొంచెం మెల్లగ. చిన్న పిల్లలు వింటరు."

"చిన్న పిల్లలకే గట్టిగా చెప్పాలి." వరసగా వెళ్ళి ఆరో దాని దగ్గర ఆగారు. "ఇది కూడా తప్పే పెట్టావు. దా కాదు. ధ. ధైవతం. పొట్టలోంచి రావాలి. అప్పుడు ఎవర్నీ పిలిచినట్టుండదు."

ఆమె హెడ్‌ఫోన్స్‌లో విని, "మళ్ళీ" అంది.

"మళ్ళీనా?"

"ని దగ్గర దగ్గినరు."

"బస్టాండులో అన్నేళ్ళు చేశాను. మళ్ళీ చెప్పమన్నవాడు లేడు."

"బస్సులకు చెవులు లేవు మామయ్యా."

ఆయన మొహం ఎర్రబడింది. కానీ మళ్ళీ చెప్పారు. ఆమె మళ్ళీ అడిగింది. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇద్దరిలో ఎవరూ చాలు అనలేదు. చివరికి ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నీ పురుగు కోసం కాదు" అన్నారాయన లేస్తూ. "నా మనవరాలి నోట రే రాకూడదని."

"నేను కూడా మీ కోసం చేస్తలేను" అంది ఆమె, ఏసీ వేస్తూ.

తర్వాత కొద్దిరోజులకు ఆయన ప్రయాణం. వచ్చేటప్పుడు ఏ తేదీకి టికెట్ తీసుకున్నారో ఆ తేదీకే వెళ్ళారు. రవిశంకర్ సూట్‌కేసులు కారులో పెట్టాడు. "వస్తానమ్మాయ్ గిరిజా" అని నాకు చెప్పారు. పాప తల మీద చెయ్యి వేశారు. దేదీప్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కాళ్ళకు దండం పెట్టలేదు. ఆయన అటు తల తిప్పలేదు. ఎదురింటి వాళ్ళు చూశారు. సాయంత్రానికల్లా పెద్దాయన అలిగి వెళ్ళిపోయాడని చంద్రిక ఆంటీ దాకా చేరింది.

పరీక్ష రోజు నన్ను కూడా కంపెనీకి తీసుకెళ్ళింది. పిల్లలతో పాటు వచ్చే చంటివాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషి కావాలంది. ఒక గదికి పెద్ద అద్దం ఉంది. అద్దం ఇవతల మేనేజర్, ఇంకో ఇద్దరు, దేదీప్య. ఒక మూల చంటివాళ్ళతో నేను. అవతల రకరకాల పిల్లలు. మన పిల్లలు ఇద్దరో ముగ్గురో, అంతే.

ముందు ఆకుపచ్చ పురుగు పెట్టారు. పాడిన అమ్మాయి గొంతు తియ్యగా ఉంది. పిల్లలు నొక్కారు, విన్నారు. ఒకరి తర్వాత ఒకరు కింద పెట్టి కిటికీ వైపు, షూల వైపు చూడడం మొదలెట్టారు. మేనేజర్ పెన్ను మూత పెట్టేశాడు. దేదీప్య చేతులు కట్టుకుని నిలబడింది. 

తర్వాత పసుపు పురుగు. అద్వైత్ అనే పిల్లాడు మొదటి కణుపు నొక్కాడు.

"స!"

వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అందరూ తిరిగి చూశారు. వాడు రెండోది నొక్కాడు.

"రి!"

"హీ ఈజ్ మ్యాడ్ ఎట్ మీ!" అని అరిచాడు, మొహమంతా సంతోషం. పక్కనున్న ఎర్రజుట్టు పిల్ల పురుగును లాక్కుని దాని మొహంలో మొహం పెట్టి "రి!" అని తిరిగి అరిచింది. పురుగు "గ!" అంది. ఇంకొకడు "గ!" అన్నాడు. ఆ గొంతును ఓడించాలని ఒకళ్ళను మించి ఒకళ్ళు అరుస్తూ, అరుస్తూనే శృతిలోకి వచ్చేస్తున్నారు. అందనివాళ్ళు చక్రం తిప్పి పురుగునే తమ దగ్గరికి తెచ్చుకున్నారు. దాని కోసం కొట్టుకున్నారు. ఒకడు ఇంకొకడి చెయ్యి కొరికాడు. సమయం అయిపోయిందని తలుపు తీస్తే ఇవ్వమని ఏడ్చారు.

"ఎవరీ కోపిష్టి మనిషి?" అని మేనేజర్ నవ్వుతూ అడిగాడు.

"తాత్కాలికంగా పెట్టింది. మారుస్తాను" అంది దేదీప్య.

"మార్చొద్దు. ఈ గొంతు ఉంటేనే బొమ్మ ఉంటుంది. ఆయన ఒప్పుకోవాలి, అంతే."

ఆమె కారులో కూర్చుని టైము చూసింది. తెనాలిలో అప్పుడే తెల్లారుతోంది. ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టింది. నేను వెనక సీట్లో ఉన్నాను.

"మామయ్యా, దేదీప్యను."

"ఫోన్‌లో పేరు పడిందిలే. చెప్పు."

"మీ గొంతే బొమ్మలో ఉంచుతమంటున్నరు. మీరు ఒప్పుకుంటేనే."

  ఆయన ఒక్క మాటతో ఆమెను ఇంట్లో కూర్చోబెట్టగలరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పిల్లలు ఏమన్నారు?"

"కోపం మనిషి అన్నరు. నవ్విన్రు."

"నవ్వారా?"

"మళ్ళీ మళ్ళీ నొక్కిన్రు. మీ మీద అరిచిన్రు."

"మన పిల్లలేనా?"

"అన్ని రకాల పిల్లలు."

ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. "ఆ ని దగ్గర దగ్గు తీసేశావా?"

"తీసేసిన."

"అయితే ఉంచుకో. నీ కోసం కాదు."

"తెలుసు."

ఆయనే ముందు పెట్టేశారు. "థ్యాంక్స్ చెప్పనియ్యలే ముసలాయన" అని ఆమె పళ్ళు కొరికి కారు స్టార్ట్ చేసింది. మొదటి మలుపులో అవతలి కారు వాడి మీద అక్కర్లేనంత సేపు హారన్ కొట్టింది.

వాళ్ళిద్దరూ ఇప్పటికీ కుశల ప్రశ్నలు వేసుకోరు. రవిశంకర్ వీడియో కాల్ చేస్తే ఆమె లేచి వంటింట్లోకి పోతుంది. స్టోర్‌లో, గుడిలో కథ అలాగే నడుస్తోంది. మొన్న చంద్రిక ఆంటీ దానికి కొత్త ముక్క కలిపింది. "ఇప్పుడు షాపుల్లో దొరికేది రి అంటోందట. నలుగురూ నాలుగు చివాట్లు పెట్టేసరికి భయపడి మార్చింది. ఎవడో కసురుకునేవాడి గొంతు పెట్టిందట, పిల్లలు జడుసుకోరూ!"

ఆ గొంతు సీతారామయ్య గారిది.